పెద్ద పండుగ విస్తరి: పాలూ పెరుగూ నెయ్యీ లేకుండా

(వంటింటి సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

సంక్రాంతి దగ్గర పడేసరికి ఉత్తరాల్లో ఒకే సంగతి తిరిగి తిరిగి వస్తోంది. ఇంట్లో ఒకరు పాలు పడకో, ఇష్టపడకో పాలపదార్థాలు మానేశారు, పండుగ నాడు వాళ్లకి ఏం పెట్టాలి అని. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆ ప్రశ్నలకే.

ప్రశ్న: మా చిన్న కోడలు పాలు, పెరుగు, నెయ్యి పూర్తిగా మానేసింది. పండుగకి పన్నెండు మందిమి కూర్చుంటాం. తనకోసం విడిగా వండాలా? (తెనాలి నుంచి)

జవాబు: వద్దండీ. విడిగా వండితే ఆ అమ్మాయి పండుగ పూటా పక్కన కూర్చున్నట్టే ఉంటుంది. అందరికీ ఒకే వంట చేసి, నెయ్యి గిన్నె మాత్రం వేరే గరిటెతో విస్తళ్ల మధ్య పెట్టండి. కావలసినవాళ్లు వేసుకుంటారు.

అసలు మన పండుగ భోజనంలో పాలు లేని వంటలే ఎక్కువ. పులిహోర, ముద్దపప్పు, గుమ్మడికాయ దప్పళం, గుత్తివంకాయ, కంద బచ్చలి, గోంగూర, ఆవకాయ, గుమ్మడి వడియాలు, అప్పడాలు, ఇవన్నీ నూనెతో నడిచేవే. పాలపదార్థం వచ్చేది నాలుగైదు చోట్ల: అన్నంలో నెయ్యి, బొబ్బట్లు, పొంగలి, పాయసం, పెరుగు గారెలు. ఆ చోట్ల నెయ్యి ఏం పని చేస్తోందో చూసి ఆ పనికి నువ్వులనో, కొబ్బరినో, వేరుశెనగనో పెట్టుకోవాలి. ముద్దపప్పు అన్నంలో నెయ్యి చేసే పని పప్పు గొంతు పట్టకుండా జారనివ్వడం, కమ్మదనం ఇవ్వడం. గానుగ నువ్వుల నూనె ఆ రెండు పనులూ చేస్తుంది. ఆవకాయ ముక్క పక్కన పడితే నెయ్యి లేదన్న లోటు ఎవరికీ తెలియదు. నూనె మాత్రం కొత్తగా ఆడించినది తీసుకోండి, పాతబడిన నువ్వుల నూనె చేదు కొడుతుంది.

పన్నెండు మందికి లెక్క: పులిహోరకి అరకిలో బియ్యం, తెల్లన్నానికి కిలో, కందిపప్పు 400 గ్రాములు, వంకాయలు కిలో, దప్పళం ముక్కలన్నీ కలిపి కిలోంబావు, గారెలకి మినపగుళ్లు అరకిలో (మధ్యస్థంగా తడితే ముప్పై అయిదు, నలభై వస్తాయి). గుత్తివంకాయ కారం, పులిహోర పులుసు ముందురోజే చేసి పెట్టుకుంటే పండుగ పొద్దున పొయ్యి ఖాళీ అవుతుంది.

ఒక్క జాగ్రత్త. విస్తట్లో వేసే చల్ల మిరపకాయలు మజ్జిగలో ఊరబెట్టినవి. అందరూ మరిచిపోయేది దీన్నే. వాటి బదులు ఉప్పు, వాము కూరి ఎండబెట్టిన మిరపకాయలు వేయించండి. చారు పోపు కూడా చాలా ఇళ్లలో అలవాటుగా నేతితోనే పెడతారు, చెయ్యి అటు పోకుండా చూసుకోండి.

ప్రశ్న: నెయ్యి వెయ్యకుండా అరిసెలు చేస్తే నూనెలో విచ్చిపోయాయి. నెయ్యి లేకపోవడమే కారణమా? (పాలకొల్లు నుంచి)

జవాబు: కాదు. అరిసెని పట్టి ఉంచేది పాకం, తడి పిండి. నెయ్యి చలిమిడికి మెత్తదనం, వాసన ఇస్తుందంతే. మీ పాకం లేతగా దిగి ఉంటుంది, లేదా పిండి తక్కువ పడి ఉంటుంది.

కిలో బియ్యం ఒక పగలూ ఒక రాత్రీ నాననివ్వండి, మధ్యలో రెండుసార్లు నీళ్లు మార్చాలి, లేకపోతే పులుపు వాసన వస్తుంది. చిల్లుల గిన్నెలో అరగంట వార్చి, ఎండలో ఆరబెట్టకుండా తడిగానే మర పట్టించండి. పిడికిలి బిగిస్తే పిండి ముద్దగా నిలబడాలి, వేలితో తడితే విడిపోవాలి. జల్లించి, గిన్నెలో అదిమి, తడిగుడ్డ కప్పి ఉంచండి. పిండి ఆరిపోతే ఎంత మంచి పాకమైనా ఆ అరిసె గట్టిబడుతుంది.

బెల్లం 700 గ్రాములు, నీళ్లు ఒక గ్లాసు. బెల్లం కరగగానే వడకట్టండి, ఇసుక ఉంటుంది. మళ్లీ పొయ్యి మీద పెట్టి కలుపుతూ ఉండండి. పళ్లెంలో చన్నీళ్లు పోసి ఒక చుక్క పాకం వేస్తే, అది కరగకుండా వేళ్లతో దగ్గరకి తీస్తే మెత్తటి ఉండ కావాలి. చేతిలోకి తీసుకుంటే కొంచెం చదునుగా పరుచుకోవాలి. పళ్లానికేసి కొడితే టంగుమనే దశ వేరుశెనగ అచ్చులకి పనికొస్తుంది, అరిసెలకి ముదురు. ఉండ కట్టగానే పొయ్యి ఆర్పండి. ఈ రెండు దశల మధ్య ఉండేది ఒకటి రెండు నిమిషాలే కాబట్టి పక్కకి వెళ్లొద్దు.

దించిన పాకంలో యాలకుల పొడి, వేయించిన నువ్వులు 50 గ్రాములు, నెయ్యి బదులు రెండు పెద్ద చెంచాల నువ్వుల నూనె వేసి, పిండి కొద్దికొద్దిగా చల్లుతూ ఒకరు కలుపుతూ ఉండాలి. పిండి మొత్తం ఒకేసారి గుమ్మరించవద్దు. చలిమిడి గరిటె జారుగా ఉండగానే ఆపెయ్యండి, చల్లారాక ఇంకా బిగుస్తుంది. గుప్పెడు పిండి ఎప్పుడూ మిగుల్చుకోవాలి, అదే మీ మందు. మొదట ఒక్క అరిసె వేసి చూడండి. విచ్చిపోతే ఆ గుప్పెడు పిండి కలిపి మర్దించండి. గట్టిగా వస్తే వేడినీళ్లు ఒకటి రెండు చెంచాలు చిలకరించి మెదపండి. అలా నీళ్లు తగిలిన అరిసెలు ఎక్కువ రోజులు నిల్వ ఉండవు, నాలుగైదు రోజుల్లో తినేయాలి.

అరిటాకుకి నూనె రాసి తట్టి, మధ్యస్థమైన మంట మీద వేరుశెనగ నూనెలో వేయించండి. పొంగి పైకి తేలాక ఒకసారి తిప్పి, చెక్కల మధ్య నొక్కి నూనె తీసేయండి. సెగ మరీ తక్కువైతే అరిసె నూనె తాగుతుంది, ఎక్కువైతే బెల్లం ముందే నల్లబడి లోపల పచ్చిగా ఉండిపోతుంది.

ప్రశ్న: మా నాన్నగారికి పెరుగు గారెలు లేనిదే పండుగ కాదు. ఆయనకిప్పుడు పాలు పడటం లేదు. వేరుశెనగ పెరుగు తోడుకుంటుందా? (ఒంగోలు నుంచి)

జవాబు: తోడుకుంటుంది. పని మాత్రం భోగికి మూడు రోజుల ముందు మొదలుపెట్టాలి.

వేరుశెనగ గుళ్లు 200 గ్రాములు ఆరేడు గంటలు నానబెట్టి, నలిపి పొట్టంతా తీసేయండి. పొట్టు ఉంటే పెరుగు వగరుగా, మట్టి రంగులో వస్తుంది. 600 మిల్లీలీటర్ల నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ మెత్తగా రుబ్బి, పల్చటి బట్టలో పిండండి. ఈ పాలని మధ్యస్థ మంట మీద కలుపుతూ ఎనిమిది పది నిమిషాలు కాచాలి. పచ్చివాసన పోయేది ఇక్కడే. అడుగు తొందరగా అంటుతుంది, గరిటె ఆపొద్దు.

గోరువెచ్చగా, వేలు పెడితే ఓర్చుకోగలిగేంత వేడికి వచ్చాక తోడు వెయ్యాలి. ఇంట్లో పాల పెరుగు తోడు వేస్తే పాలు మానడం కుదరదు కనుక పచ్చిమిరపకాయల తొడిమలు ఎనిమిది పది కడిగి వెయ్యండి. తొడిమల మీద సహజంగానే ఉండే సూక్ష్మజీవులు పాలని పులియబెడతాయి. పది, పన్నెండు గంటలు పడుతుంది. చలికాలంలో గిన్నెకి దుప్పటి చుట్టి బియ్యం డబ్బాలో పెట్టండి. మొదటి వాయి పల్చగా, మిరప వాసనతో ఉంటుంది. అది తినడానికి కాదు, తోడుకి. అందులో రెండు చెంచాలు తీసి రెండోసారి కాచిన పాలలో వేస్తే గట్టి పెరుగు వస్తుంది. గులాబీ రంగు చారలో, కుళ్లు వాసనో కనిపిస్తే మొహమాటపడకుండా పారేయండి. ఇంటికి వచ్చేవాళ్లలో వేరుశెనగ పడనివారు ఉంటే ఈ పెరుగు అసలు వద్దు, చిక్కటి కొబ్బరిపాలలో నిమ్మరసం పిండి వాడండి.

ఇక గారెలు. మినపగుళ్లు మూడు, నాలుగు గంటలు నానితే చాలు. రాత్రంతా నానినవి నూనె పీలుస్తాయి. రుబ్బేటప్పుడు నీళ్లు పొయ్యకూడదు, చల్లటి నీళ్లు చిలకరించాలి. అరకిలో పప్పుకి మొత్తం మీద ఆరేడు పెద్ద చెంచాలు దాటితే పిండి జారిపోతుంది. గ్రైండర్‌లో పాతిక, ముప్పై నిమిషాలు తిరిగాక చిన్న ఉండ నీళ్లలో వేసి చూడండి, తేలాలి. మునిగితే గాలి చాలలేదు, ఇంకా రుబ్బాలి. మిక్సీ అయితే వేడెక్కకుండా ఆపి ఆపి తిప్పి, తరవాత చేత్తో ఒకే వైపుకి అయిదు నిమిషాలు గిలకొట్టండి. ఉప్పు చివర్లోనే వెయ్యాలి, ముందే వేస్తే పిండి నీరు వదులుతుంది. పిండిలో నలగని పప్పు బద్ద మిగిలితే గారె నూనెలో పేలుతుంది. ఇది ప్రమాదం కూడా, కాబట్టి చేత్తో పట్టి చూశాకే వేయించండి.

వేడి గారెలని ముందు గోరువెచ్చటి నీళ్లలో ఒక నిమిషం ముంచి, అరచేతుల మధ్య మెల్లగా నొక్కి, అప్పుడు పెరుగులో వెయ్యండి. పెరుగులో పచ్చికొబ్బరి రెండు పెద్ద చెంచాలు, పచ్చిమిర్చి రెండు, అల్లం చిన్న ముక్క నూరి కలిపితే వేరుశెనగ వాసన అణుగుతుంది. పులుపు చాలకపోతే వడ్డించే ముందు నిమ్మరసం పిండండి. పోపు చల్లారాకే కలపాలి, వేడి తగిలితే ఈ పెరుగు విరుగుతుంది.

చివర్లో పెరుగన్నానికి మాత్రం దీన్ని మేము సిఫారసు చెయ్యం. నేరుగా అన్నంలో కలిపితే వేరుశెనగ రుచి దాగదు. ఆ స్థానంలో వేడి వేడి మిరియాల చారుతో భోజనం ముగించడం మేలు. పెరుగు తోడుపెట్టే తీరికే లేకపోతే పాకం గారెలు చెయ్యండి. అరకిలో బెల్లం, గ్లాసున్నర నీళ్లు, వేళ్లకి అంటుకునే పాకం రాగానే దించి వేడి గారెలు వేసి రెండు గంటలు ఉంచితే సరి.

ప్రశ్న: కంద బచ్చలి వండితే గొంతు దురద పెట్టింది. పండుగకి చెయ్యాలంటే భయంగా ఉంది. (కాకినాడ నుంచి)

జవాబు: కందలో సూది ఆకారంలో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి, గొంతులో గుచ్చుకునేవి అవే. పులుపు సరిపడా పడకపోయినా, కంద సగం ఉడికినా దురద తప్పదు. చేతులకి నూనె రాసుకుని, తడి చెయ్యకుండానే చెక్కు మందంగా తీసి ముక్కలు కొయ్యండి. కడగడం తరవాత. అరకిలో ముక్కలని పసుపు, కొంచెం చింతపండు రసం వేసిన నీళ్లలో మూత లేకుండా ముప్పాతిక వంతు ఉడికించి, ఆ నీళ్లు పారబోయండి. అప్పుడు రెండు కట్టల బచ్చలి తరుగు, అల్లం, పచ్చిమిర్చి, పాతిక గ్రాముల చింతపండు గుజ్జు వేసి కంద మెదిగేదాకా మగ్గించండి. శెనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు పోపు.

ఆవ మాత్రం కూరని పొయ్యి మీంచి దించి, అది గోరువెచ్చగా అయ్యాక పెట్టాలి. చెంచాన్నర ఆవాలు, ఒక ఎండుమిర్చి, ఉప్పు, కొంచెం నీళ్లతో నూరండి. ఆవ ఘాటు నూరినప్పుడు పుడుతుంది, ఉడుకుతున్న కూరలో వేస్తే ఆ ఘాటు పోయి చేదు మాత్రం మిగులుతుంది.

ప్రశ్న: నెయ్యి లేకుండా బొబ్బట్లు మెత్తగా ఉండవని మా అత్తగారి మాట. నిజమేనా? (కర్నూలు నుంచి)

జవాబు: మీ అత్తగారి మాట సగం నిజం. కొవ్వు లేకుండా మెత్తగా రావు, అది నెయ్యే కావాలని లేదు. 300 గ్రాముల మైదా, 200 గ్రాముల గోధుమపిండి, చిటికెడు పసుపు, ఉప్పు వేసి చపాతీ పిండికంటే బాగా పల్చగా, చేతికి అంటుకునేలా కలపండి. పైన 100 మిల్లీలీటర్ల నూనె పోసి మూడు గంటలు ఉంచి, ఆ నూనెంతా పిండిలోకి పోయేలా మెదపండి. లాగితే సాగాలి, తెగకూడదు. తెగుతోందంటే ఇంకా నానాలి.

పూర్ణానికి అరకిలో శెనగపప్పు వేలితో నొక్కితే నలిగేదాకా ఉడికించండి, గుజ్జు కానివ్వద్దు. నీరు పూర్తిగా వార్చి (ఆ కట్టుతో చారు పెట్టుకోవచ్చు), 450 గ్రాముల బెల్లం, ఒక చిప్ప పచ్చికొబ్బరి వేసి రుబ్బి, మళ్లీ పొయ్యి మీద దగ్గర పడనివ్వండి. గరిటె నిలువుగా నిలబడితే అయినట్టు. ఈ కొబ్బరే నెయ్యి చోటుని చాలావరకు పూరిస్తుంది. యాలకులతో పాటు కొద్దిగా జాజికాయ అరగదీసి వెయ్యండి. పెనం మధ్యస్థంగా కాలాలి. సన్నటి సెగ మీద ఎక్కువసేపు కాల్చడం వల్లనే బొబ్బట్లు ఎండి అట్టల్లా అవుతాయి. తీసినవి తీసినట్టు మూత ఉన్న డబ్బాలో ఒకదానిమీద ఒకటి పేర్చండి, ఆ ఆవిరికి మెత్తబడతాయి.

ప్రశ్న: కొబ్బరిపాలతో పెసరపప్పు పాయసం చేస్తే విరిగిపోయింది. (ఖమ్మం నుంచి)

జవాబు: చిక్కటి పాలు పోశాక మరిగించి ఉంటారు. పెద్ద కొబ్బరికాయ ఒకటి తురిమి, మొదట ఒక గ్లాసు వేడినీళ్లతో పిండిన చిక్కటి పాలు విడిగా దాచండి. రెండోసారి రెండు గ్లాసుల నీళ్లతో పిండిన పల్చటి పాలలో, వేయించిన 200 గ్రాముల పెసరపప్పు ఉడికించండి. 300 గ్రాముల బెల్లం కరిగించి వడకట్టి, పప్పు మెత్తబడ్డాకే కలపాలి. ముందే కలిపితే పప్పు ఇంక ఉడకదు. పొయ్యి ఆర్పి, అయిదు నిమిషాలు ఆగి చిక్కటి పాలు పోసి కలపండి. జీడిపప్పు, కొబ్బరి పలుకులు కొబ్బరినూనెలో వేయించుకోవచ్చు.

ప్రశ్న: అమెరికాలో ఉంటాం. కొన్నవాటిలో పాలు దాగి ఉంటాయేమోనని అనుమానం. ఏవి చూసుకోవాలి? (డాలస్ నుంచి)

జవాబు: మీ దగ్గర 2006 నుంచి ప్యాకెట్ ఆహారం మీద పాలు ఉన్న సంగతి తెలపడం చట్టప్రకారం తప్పనిసరి. కాబట్టి పదార్థాల పట్టికలోనో, దాని కిందో చూస్తే తెలిసిపోతుంది. పట్టికలో వే (whey), కేసిన్ (casein) అన్న మాటలుంటే అవి పాలవే. ఇండియా నుంచి వచ్చిన ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసి నమ్మొద్దు. అది శాకాహారమని మాత్రమే చెబుతుంది, పాలు, నెయ్యి ఉన్నవాటికీ అదే చుక్క. పాలు కూడా లేని ఆహారానికి 2022 నిబంధనలతో వచ్చిన వీగన్ గుర్తు వేరే ఉంది.

ఫ్రీజర్ బొబ్బట్లు, వేయించిన సేమియా, సున్నుండలు తప్పకుండా చదివి కొనండి. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకుల్లో రేకు బియ్యప్పిండిదే అయినా మడతల్లో నెయ్యి పడుతుంది, అందుచేత పనికిరావు. చెక్కలు, జంతికలు కొన్నిచోట్ల వెన్న వేసి చేస్తారు. ఊరినుంచి పంపేవాళ్లని అడిగితే సకినాలు పంపమనండి. బియ్యప్పిండి, నువ్వులు, వాము, ఉప్పు, వేయించడానికి నూనె, అంతే. తెలంగాణ పండుగ డబ్బాలో పాలకి దూరంగా ఉన్నవాళ్లు అనుమానం లేకుండా తినగలిగింది అది.

డబ్బా కొబ్బరిపాలు కొంటే ముందురోజు ఫ్రిజ్‌లో పెట్టండి. పైన తేరిన చిక్కటి భాగం పాయసం చివర్లో పోయడానికి, కింది పల్చటి నీరు పప్పు ఉడికించడానికి సరిపోతుంది.

ప్రశ్న: ముందురోజు చేసిన పులిహోర పులుసు అన్నంలో కలిపితే అన్నం ముద్దయింది, చేదుగా కూడా ఉంది. (సిద్దిపేట నుంచి)

జవాబు: ముద్ద కావడానికి కారణం అన్నం వేడి. అరకిలో పాత బియ్యానికి నీళ్లు రెండింతలకి కాస్త తక్కువ పోసి పలుకుగా వండి, పెద్ద పళ్లెంలో పరిచి, పసుపు, రెండు పెద్ద చెంచాల నువ్వుల నూనె, కరివేపాకు వేసి పూర్తిగా ఆరనివ్వండి. నూనె మెతుకుకి పట్టాకే పులుసు వెయ్యాలి.

చేదు మాడిన మెంతుల వల్ల రావచ్చు, లేదా పులుసు అడుగంటడం వల్ల. 70 గ్రాముల చింతపండు చిక్కగా తీసి, పచ్చిమిర్చి, చిన్న బెల్లం ముక్క, ఉప్పు వేసి నూనె పైకి తేలేదాకా సన్నటి సెగ మీద ఉడికించి దించండి. మెంతిపొడి పావు చెంచా మించొద్దు. ఆవపిండి పెట్టే అలవాటుంటే చెంచాడు చాలు, అదీ అన్నం చల్లారాకే. వేరుశెనగలు, శెనగపప్పు పోపు విడిగా ఉంచి వడ్డించే గంట ముందు కలిపితే కరకరలాడతాయి. కలిపిన పులిహోర మూడు గంటలైనా ఊరాలి. అందుకే పొద్దున అన్నిటికంటే ముందు దీన్నే కలిపి పెట్టేయండి.